అరవై మూడో నంబరు బిళ్ల

పోయిన నెల పింఛను కాగితం మీద సంతకం కోసం మా పాత శాఖ ఆఫీసుకు వెళ్ళాను. నా కాలంలో చెక్క పెట్టెలు ఉండే గదిలో ఇప్పుడు కంప్యూటర్లు పెట్టారు. రోగుల వివరాలు వాటిలోకి ఎక్కించడానికి పట్నం నుంచి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు ఆ పని మానేసి వాదించుకుంటున్నారు. ఒకాయన, డేటాబేస్‌లో ప్రతి వరసకూ మనిషి పేరునే కీగా, అంటే గుర్తుగా, పెట్టాలి, చూడగానే ఎవరో తెలిసిపోతుంది అంటాడు. ఇంకొకాయన, అంకె పెట్టాలి, అంకె చిన్నది, వెతికితే తొందరగా దొరుకుతుంది అంటాడు. ఈ ప్రశ్న లోకంలో ఆ ఉదయమే పుట్టినట్టు, దానికి తామే మంత్రసానులైనట్టు మాట్లాడుకుంటున్నారు. నేను బెంచీ మీద కూర్చుని వింటున్నాను.

చివరికి అంకె వాదనే గెలిచింది. గెలిచినాయన ఊరుకోకుండా మరో మాట అన్నాడు. పేర్లు తీసేసిన వాళ్ళ నంబర్లు ఖాళీగా పడి ఉంటే వరస అసహ్యంగా కనిపిస్తుందట, వాటినే కొత్తవాళ్ళకు ఇచ్చేద్దామట. పక్కనున్న ఆఫీసరు తల ఊపాడు. నేను లేచి, అయ్యా, ఆ పని నేను నలభై ఏళ్ళ కింద చేసి చూశాను, వద్దు అన్నాను. వాళ్ళు చాలా మర్యాదగా నాకు కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. ఎవరి మాట వినదలచుకోమో ఆ ముసలివాళ్ళకు ఇచ్చే గౌరవమే అది. అక్కడ వినలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఎవరైనా చదివితే సంతోషం.

ఎవరి పేరూ రాయను. ఇందులో ఉన్నవాళ్ళలో సగం మంది పోయారు. మిగిలినవాళ్ళ మనవలు ఎక్కడో ఒక ఆఫీసులో ఉండే ఉంటారు.

అరవైల మొదట్లో నన్ను ఒక క్షయ దవాఖానలో రికార్డు గుమాస్తాగా వేశారు. నార్కట్‌పల్లిలో బస్సు మారి పోవాల్సిన ఊరది. పెంకుల కప్పు కింద మూడు గదులు, ముందర రేకుల షెడ్డు. ప్రతి మంగళవారం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రోగులు వచ్చేవారు. మగ్గం గుంటల్లో ఏళ్ళకేళ్ళు కూర్చున్న నేతవాళ్ళు, మందల వెంట ఎండకూ వానకూ తిరిగిన గొర్లకాపరులు, కూలీనాలీ చేసుకునేవాళ్ళు. పొద్దున్నే వచ్చి, మూటల్లోని సద్ది తిని, సూది వేయించుకుని, గోలీల పొట్లం కట్టించుకుని, సాయంత్రం బస్సుకు పోయేవారు.

అప్పటికి రికార్డులు చూసేది నిజాం కాలం నుంచీ అక్కడే ఉన్న ఒక పెద్దాయన. ఉర్దూలో చదువుకున్నవాడు కనుక అందరూ మున్షీ సాబ్ అనేవారు. ఆయన దగ్గర ఊరికొక చెక్క అర ఉండేది. అందులో ఇంటిపేర్ల వరసన కార్డులు, ఇంటిపేరు కింద మనుషుల పేర్లు. వచ్చినవాణ్ణి, ఏ ఊరు, ఎవరింటోళ్ళు అని రెండు ముక్కలు అడిగి కార్డు తీసి చేతిలో పెట్టేవాడు. దాన్ని పద్ధతి అనుకునేరు. అది పద్ధతి కాదు, ఆయన బుర్ర. ఆయన నాలుగు రోజులు సెలవు పెడితే ఆ దవాఖానలో ఒక్క కార్డు కూడా దొరికేది కాదు.

దొరకకపోవడానికి కారణాలూ ఉన్నాయి. తాత పేరు మనవలందరికీ పెట్టుకునే ఊళ్ళవి. ఒక నేతగాళ్ళ ఊరి అరలో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఐదు కార్డులు ఉండేవి. మున్షీ సాబ్ వాటి మూలల్లో ఉర్దూలో గుర్తులు రాసుకున్నాడు. ఒకడు మెల్లకన్నువాడు, ఒకడు బాయికాడి ఇంటివాడు, ఒకడు తమ్ముడు చచ్చిపోయినవాడు. ఆడవాళ్ళతో ఇంకో తంటా. మొగుడి పేరు చెప్పమంటే తల దించుకుని నిలబడేవారు. వెనక నిలబడ్డవాళ్ళెవరో అందిస్తే ఆ గడి నిండేది. పెళ్ళయిన పిల్లకు అత్తగారింట్లో పేరు మార్చేవారు. అప్పుడు పాత కార్డు పుట్టింటి పేరు మీద ఒక అరలో నిద్రపోయేది, ఆమె కొత్త పేరుతో కొత్త రోగిగా మొదటి సూది నుంచి మళ్ళీ మొదలుపెట్టేది. ఒకే ఆడమనిషికి మూడు కార్డులు నా కళ్ళతో చూశాను. చూసి నవ్వాను. మెట్రిక్ పాసై, టైపు నేర్చుకుని వచ్చినవాణ్ణి, నవ్వకుండా ఎట్లా ఉంటాను?

నేను చేరిన కొన్నాళ్ళకు కోస్తా జిల్లాల నుంచి కొత్త డాక్టరు వచ్చాడు. పని తెలిసినవాడు, నిజాయితీపరుడు, ఆ రెండూ తనకు ఉన్నాయని బాగా తెలిసినవాడు. చెక్క అరలను ఒక పూట చూసి ముక్కు మూసుకున్నాడు. ఇకమీదట ప్రతి రోగికీ ఒక నంబరు, అంతే అన్నాడు.

"పేరనేది మనిషి సొంత గొడవండీ. ఆఫీసుకు దాంతో పనిలేదు," అన్నాడు నాతో.

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే డైరీలో రాసుకున్నాను. ఆ డైరీ ఇప్పటికీ ఉంది. నాకు గర్వం తలకెక్కినప్పుడల్లా తీసి చదువుకుంటాను, దిగిపోతుంది.

కంచరివాడితో రెండు వందల ఇత్తడి బిళ్లలు చేయించాం. ఒక్కోదాని మీద నంబరు చెక్కించి, పైన రంధ్రం పెట్టించి, దారం కట్టి రోగుల మెడలో వేశాం. కార్డు మీద నంబరు, గోలీల పొట్లం మీద నంబరు, ఎక్స్‌రే ఫిల్ము మీద నంబరు. పేరు రాసే గడి కార్డు మీద ఉండేది కానీ నేను నింపడం మానేశాను. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా ఒకటి ఎర్ర సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి గోడకు అంటించాను, ఎవరైనా పెద్ద ఆఫీసరు వస్తే చూపించడానికి.

మొదట్లో అద్భుతంగా ఉందనే చెప్పాలి. కిటికీలోంచి బిళ్ల పట్టుకున్న చేయి వస్తుంది, నంబరు చూస్తాను, కార్డు తీసి ఇస్తాను. తల ఎత్తాల్సిన అవసరమే లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మొహం చూడకుండా పని ముగించగలుగుతున్నానని తనిఖీకి వచ్చిన ఆఫీసరుకు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన మెచ్చుకున్నాడు కూడా. ఒక వెధవ చెప్పడం, ఇంకొక వెధవ మెచ్చుకోవడం. ఆఫీసుల్లో మేళ్ళన్నీ ఇట్లాగే జరుగుతాయి.

ఏడాది తిరగకుండా రెండు వందల బిళ్లలు అయిపోయాయి. ఇంకో వంద కావాలని పైకి రాస్తే, ఉన్నవాటితో సర్దుకోవలసిందని జవాబు వచ్చింది. అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. ఈ మాట ఎవరి మీదికీ నెట్టను. నయమైనవాళ్ళ బిళ్లలు, చచ్చిపోయినవాళ్ళ బిళ్లలు వాపసు తీసుకుని కొత్తవాళ్ళకు ఇద్దామన్నాను. పాత కార్డు కట్టగట్టి అటక మీద పడేస్తే ఆ నంబరు జాగా ఖాళీ అవుతుంది, అందులో కొత్త కార్డు పెట్టుకోవచ్చు. వరసలో ఎక్కడా సందు కనిపించదు. డాక్టరు నా భుజం తట్టాడు. గోడ మీది జాబితాలో పాత పేర్లు కొట్టేసి కొత్తవి రాయాలి గదా, రెండు మూడు సార్లు రాసి విసుగొచ్చి వదిలేశాను. పేరుతో పనేముంది?

మున్షీ సాబ్‌ను సూదుల గదికి పంపేశారు, అక్కడ ఎవరికి ఏ పూట సూది పడిందో రాసే పని. పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగాడు.

"బేటా, నువ్వు నంబరు మనిషికి ఇస్తలేవు, బిళ్లకు ఇస్తున్నవు. బిళ్ల చేతులు మారుతది," అన్నాడు.

ముసలాయనకు కుర్చీ పోయిన కడుపుమంట అనుకున్నాను. ఆ మాట అర్థం చేసుకోవడానికి ఎక్కువ తెలివి అక్కర్లేదు. నాకు ఆ మాత్రం కూడా లేదు.

ఇప్పుడు బయట షెడ్డులో ఏం జరుగుతున్నదో చెప్పాలి. మాకు తెలియనిది షెడ్డులో కూర్చున్న ప్రతివాళ్ళకూ తెలుసు. మా దిక్కు ఇల్లు అచ్చిరావాలి, ఎద్దు అచ్చిరావాలి, బాయి అచ్చిరావాలి. అట్లాగే బిళ్లలూ. ఏ బిళ్ల ఎవరి మెడలో ఉండేదో, వాళ్ళు ఏమయ్యారో మంగళవారం మంగళవారం కూర్చునేవాళ్ళకు నోటికి వచ్చు. నూట పన్నెండు మీద అందరికీ గురి. ఆ బిళ్ల వేసుకున్న హమాలీ ఒకడు ఎముకల గూడుగా వచ్చి, నయమై, తర్వాత ఊరికే ఒకసారి షెడ్డుకు వచ్చి బస్తా ఎత్తి చూపించి పోయాడట. అరవై మూడంటే భయం. వరసగా ముగ్గురు ఆ బిళ్ల మెడలో ఉండగానే పోయారు. అందుకని బిళ్లలు మార్చుకునేవారు. బతిమాలుకుని, చుట్టరికం కలుపుకుని, జాలి పుట్టించి మార్చుకునేవారు.

దీన్ని మూఢనమ్మకం అని తీసేసేవాళ్ళు ఉంటారు. నేను మాత్రం అనను. వాళ్ళు మా ఆఫీసును సరిగ్గానే చదివారు. మా దగ్గర నంబరుకే రోగం, నంబరుకే మందు, నంబరుకే తీర్పు. అలాంటప్పుడు మంచి నంబరు సంపాదించుకోవడం కన్నా తెలివైన పని ఏముంటుంది? తెలివితక్కువవాళ్ళం కిటికీకి ఇవతల ఉన్నాం.

ఆ అరవై మూడు ఒక నేత కోడలి మెడలో పడింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. పుట్టిల్లు కేతేపల్లి దిక్కు, అత్తగారిల్లు చౌటుప్పల్ దగ్గర. దగ్గులో నెత్తురు పడగానే అత్తగారింటివాళ్ళు ఏడాదిన్నర కొడుకును తమ దగ్గర ఉంచుకుని ఆమెను పుట్టింటికి పంపారు. రోగం పోయిందని దవాఖాన కాయితం తెస్తేనే ఇంట్లోకి రమ్మన్నారు. వాళ్ళను తప్పుపట్టను. ఆ ఇంట్లో అంతకుముందే ఒకరు ఆ రోగంతో పోయారు, వాళ్ళ భయం వాళ్ళది. ఆమె ఆరు నెలలు ఒక్క మంగళవారం తప్పకుండా వచ్చింది. ప్రతిసారీ కిటికీ దగ్గర ఒకటే అడిగేది, సారూ, కాయితం ఎప్పుడిస్తరు అని. ఎక్స్‌రే అయినంక అనేవాణ్ణి, తల ఎత్తకుండా. నాకు తెలిసిందల్లా ఆ గొంతు, నూలు కోసిన గీతలున్న ఆ వేళ్ళు.

నూట పన్నెండు ఒక గొర్లకాపరి ఇంటి ముసలామెది. మొగుడు పోయాడు, కొడుకు మందతో తిరుగుతుంటాడు. ఆమెకూ ఆరు నెలలు నిండాయి.

ఎక్స్‌రే మిషను బండి నెలకొకసారి వచ్చేది. ఆ నెల వచ్చినప్పుడు ఇద్దరికీ ఫోటో తీశారు. నేత కోడలి బిళ్ల అరవై మూడు, ఫిల్ము మీద అరవై మూడు. ముసలామె బిళ్ల నూట పన్నెండు, ఫిల్ము మీద నూట పన్నెండు. అప్పటికి అంతా సరిగానే ఉంది. ఫోటో దిగి బయటికి వచ్చాక ఆ చిన్నది షెడ్డులో కూర్చుని ఏడ్చిందట. వచ్చే వారం తీర్పు అరవై మూడుకు చెప్తారు, అరవై మూడుకు ఎప్పుడన్నా మంచి జరిగిందా అని. ముసలామె తన మెడలోది తీసి ఆ పిల్ల మెడలో వేసి, ఆ పిల్లది తాను వేసుకుంది. ఇదంతా నా కిటికీకి పది గజాల దూరంలో జరిగింది.

మరుసటి మంగళవారం డాక్టరు ఫిల్ములు వెలుతురుకు పట్టి చూసి నాకు జాబితా ఇచ్చాడు. నూట పన్నెండు, ఊపిరితిత్తులు శుభ్రం. అరవై మూడు, ఎడమవైపు రంధ్రం పెద్దదైంది, శానిటోరియానికి పంపాలి. ఆయన చూసింది ఫిల్ములను, నేను చూసింది జాబితాను. నూట పన్నెండు అని పిలిచాను. చేయి వచ్చింది. నయమైనట్టు కాయితం రాసి ఇచ్చాను.

"గీ కాయితం సాలునా సారూ? ఇంటికి పోవచ్చా?" అని అడిగింది.

పోవచ్చు అన్నాను. నూలు గీతల వేళ్ళు నూట పన్నెండు నంబరుతో ఎందుకొచ్చాయని నా బుర్రకు తట్టలేదు. ఆమె ఆ కాయితం కళ్ళకద్దుకుని అటునుంచి అటే చౌటుప్పల్ బస్సు ఎక్కేసింది.

గంట తర్వాత అరవై మూడు వంతు వచ్చింది. ముడతలు పడ్డ చేయి బిళ్ల చూపించింది. రోగం ముదిరింది, శానిటోరియానికి పోవాలి, ఏడాది పైనే ఉండాలి అని చెప్పాను. ఇట్లాంటి మాట చెప్పినప్పుడు మనుషులు ఏడుస్తారు, లేకపోతే కాళ్ళమీద పడతారు. ఆ చేయి బిళ్లను వెనక్కి తీసుకుంది.

"మంచిగనే అయింది సారూ," అంది ముసలామె. "ఆ పిల్లకు రావాల్సింది నా మీదికొచ్చింది. దానికి పసిపోరడున్నడు. నాకేమున్నది, నా కొడుకు మీసాలోడు."

అప్పుడు తల ఎత్తాను. ఏ పిల్ల అని అడిగాను. ఆమె దాచుకోకుండా, కొంచెం గర్వంగానే, బిళ్లలు మార్చుకున్న సంగతి మొత్తం చెప్పింది. అరవై మూడులోని కీడును తాను ఎత్తుకుని ఆ పిల్లను తప్పించానని ఆమె లెక్క. రోగం ఉన్న తల్లి నా చేతి కాయితంతో కొడుకును ఎత్తుకోవడానికి పోతున్నది.

డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నిదానంగా విన్నాడు.

"నంబరు అబద్ధం చెప్పదండీ. ఇలాంటి కథలు నమ్ముకుంటూ కూర్చుంటే ఆఫీసు నడవదు. వచ్చే నెల మిషను వచ్చినప్పుడు ఇద్దరికీ మళ్ళీ తీద్దాం," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే నాచేత ఒక బోర్డు రాయించాడు. 'టోకెన్లు పరస్పరము మార్చుకొనుట నిషిద్ధము. అతిక్రమించినవారు చర్యకు పాత్రులగుదురు.' దాన్ని షెడ్డులో వేలాడదీశాం. దాని కింద కూర్చునేవాళ్ళలో ఒక్కరికీ చదువు రాదు. తప్పు జరిగితే ఆఫీసులు మొట్టమొదట చేసే పని అదే, తప్పు జరిగిన మనిషికి ఒక ఉత్తర్వు చదివి వినిపించడం.

నేను ఆయన్ను మాత్రమే వెక్కిరిస్తే న్యాయం కాదు. వచ్చే నెల దాకా ఆగడం పిచ్చిమాట అని నాకు తెలుసు. తెలిసీ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సంగతి పైకి పోతే, బిళ్లలు తిరిగి వాడమన్న ఉపాయం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. బుధవారం కూర్చున్నాను. గురువారం కూర్చున్నాను. ఆ రెండు రోజులూ కార్డులు చాలా చక్కగా సర్దాను. పిరికివాళ్ళకు పని మీద ఎంత శ్రద్ధ పుడుతుందో మీకు మునుముందు తెలుస్తుంది.

శుక్రవారం పొద్దున సూదుల గదిలోకి వెళ్ళి మున్షీ సాబ్‌కు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన రిజిస్టరు మూశాడు.

"పోరడు తల్లి పక్కలనే పండుతడు గద," అన్నాడు. "లే. పోదాం."

ఎక్కడికి అని నేను అడగనైనా లేదు. అత్తగారి ఊరు, వాడ, ఇల్లు అన్నీ ఆయనకు తెలుసు. సూది వేసేంతసేపూ ఒక్కొక్కరినీ పలకరిస్తాడట. ఎవరి బిడ్డవు, ఏ ఊరి కోడలివి, పిల్లలెందరు అని. డాక్టరు వద్దన్నా వినకుండా నంబరు పక్కన ఉర్దూలో సన్నగా రాసుకునేవాడు. ఇద్దరం సెలవు చీటీ కూడా పెట్టకుండా బస్సెక్కాం.

ఇక్కడ రెండు సంగతులు ముందే చెప్పేస్తాను. ఆ పిల్ల బతికింది. ఏడాదిన్నర శానిటోరియంలో ఉండి నయమై ఇంటికి పోయింది, పిల్లవాడికీ ఏమీ కాలేదు. దీన్ని చివర పెట్టుకుని నా మొహానికి పౌడరు పూసుకోవడం ఇష్టం లేక ఇక్కడే చెబుతున్నాను. అందులో నా గొప్ప ఏమీ లేదు, మందుల గొప్ప, ఆమె అదృష్టం. రెండోది ముసలామె సంగతి. ఆమెకు ఏ రోగమూ లేదని చెప్పడానికి మరుసటి వారం నేనే వెళ్ళాను. సంతోషిస్తుందనుకున్నాను. మరి ఆ పిల్ల సంగతేందని అడిగింది. చెప్పాను. ఆ పిల్ల దగ్గర తీసుకున్న నూట పన్నెండు బిళ్ల వాపసు ఇవ్వబోతే తీసుకోలేదు. ఇచ్చింది ఇచ్చిన, అది దాని దగ్గరనే ఉండనీ అంది. ఆ తర్వాత ఎన్నడూ నాతో మాట్లాడలేదు.

ఆఫీసులో కుర్చీ వేసి చాయ్ ఇచ్చిన ఆ ఇద్దరికీ చెప్పాలనుకున్నది చాలా చిన్న సంగతి. అంకె పెట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. పేర్లు మారతాయి, ఒకే పేరు పదిమందికి ఉంటుంది. మున్షీ సాబ్ అరలు చూసినవాణ్ణి, పేర్ల మీద నాకు భ్రమలు లేవు. కానీ ఒక మనిషికి ఇచ్చిన అంకెను, ఆ మనిషి చచ్చినా సరే, ఇంకొకరికి ఇవ్వకండి. వరసలో ఖాళీ కనిపిస్తే కనిపించనివ్వండి, మీ కళ్ళకు అందం కోసం కాదు అది ఉన్నది. పేరు పక్కన రాయండి, రాసినదాన్ని అప్పుడప్పుడు చదవండి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక ఆడమనిషి గడప దాకా నడవాల్సి వచ్చింది.

చౌటుప్పల్‌లో దిగి పొలాల వెంట నడిచాం. నేతవాడలో ప్రతి ఇంట్లో మగ్గం ఆడుతున్నది. ఆమె అరుగు మీద రాట్నం ముందర కూర్చుని నూలు కండెలు చుడుతున్నది. పిల్లవాడు ఆమె చీర కొంగు నోట్లో పెట్టుకుని ఒళ్ళో ఒదిగి ఉన్నాడు. నన్ను చూసి నవ్వింది. సారూ, గింత దూరం నడిసొచ్చిండ్రా అని అత్తను పిలిచి నీళ్ళు తెప్పించింది. ఆమె మొహం చూడటం నాకదే మొదటిసారి. నీళ్ళు తాగాను. తాగినంతసేపూ చెప్పకుండా ఉండవచ్చు గదా.

ఇక తప్పక చెప్పాను. ఆ కాయితం నీది కాదు, రోగం ఇంకా ఉంది, శానిటోరియానికి తీసుకుపోవడానికి వచ్చామన్నాను. రాట్నం ఆగింది. అత్త గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మొన్న నేనొస్తె వీడు నన్ను జూసి బెదిరి ఏడ్సిండు," అంది ఆమె, పిల్లవాడి తల మీద చేయి వేసి. "నిన్ననే దగ్గరికొచ్చిండు సారూ."

ఆమె తల ఎత్తి నన్ను చూసింది.

"గిప్పుడన్న నేనేనా? ఇంకెవరి రోగమన్న తెచ్చి నాకు చెప్తున్నవా?"

"నువ్వే," అన్నాను.

"నేనే అంటున్నవు గద. నా పేరేంది సారూ?"

ఆరు నెలలు ప్రతి మంగళవారం నా కిటికీ దగ్గర నిలబడిన మనిషి. నోరు తెరిచాను. నాకు తెలిసింది అరవై మూడు. గోడ మీద నా జాబితాలో అరవై మూడుకు ఎదురుగా ఎర్ర సిరాతో ఉన్నది ఎప్పుడో చచ్చిపోయిన ఒక మగమనిషి పేరు. అరుగు కింద ఎండలో చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను.

మున్షీ సాబ్ నా వెనక నుంచి ముందుకు వచ్చాడు. ఆమె పుట్టింటి పేరు చెప్పాడు. అత్తగారింట్లో పెట్టిన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు, ఒళ్ళో ఉన్న పిల్లవాడి పేరు కూడా చెప్పాడు. చెప్పి, లే బిడ్డా, బస్సు టైమైతాంది అన్నాడు.

ఆమె ఇంకో ప్రశ్న అడగలేదు. పిల్లవాడి గుప్పిట్లోంచి కొంగు విడిపించుకుని, వాణ్ణి అత్త చేతుల్లో పెట్టింది. వాడు ఏడుస్తుండగానే లోపలికి పోయి బట్టల మూట తెచ్చుకుని, మా ఇద్దరికన్నా ముందు రోడ్డు దిక్కు నడిచింది.